గడప దాటని పిల్లికి తామర ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న తిరుపతి కొర్లగుంట నుంచి వచ్చింది. ఆరు వారాల కిందట చెన్నై నుంచి ఒక పర్షియన్ పిల్లి కూనను తెచ్చుకున్నారు. మూడో వారంలో దాని చెవి అంచున, కంటి పైన బొచ్చు ఊడి బూడిద రంగు పొలుసులు లేచాయి. ఇంట్లో మేడ మీదకు వెళ్లి వచ్చే ఆరేళ్ల నాటు పిల్లి కూడా ఉంది, దానికి ఏమీ కనిపించడం లేదు. ఎనిమిదేళ్ల పాప ముంజేతి మీద గుండ్రటి ఎర్రమచ్చ వచ్చింది. మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు కూనకూ పాపకూ రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. గడప దాటని కూనకు ఇది ఎలా అంటుకుంది, బల్లిని తిన్నందుకే అని అత్తగారు అంటున్న మాట నిజమా, మందు ఏమిటి, పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమంటారా అని ఆ ఇంటి అమ్మ అడుగుతున్నారు.

అమ్మా, ముందు బల్లిని వదిలేద్దాం. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో కుక్కలనూ పిల్లులనూ చూస్తున్నాను. బల్లిని తిన్న పిల్లికి వాంతులు కావడం చూశాను కానీ తామర రావడం చూడలేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది తామరే అయి ఉండాలి. పిల్లుల్లో దీనికి ప్రధాన కారణం మైక్రోస్పోరం కానిస్ అనే ఫంగస్. కానిస్ అంటే కుక్కకు సంబంధించినది అని అర్థం. పేరు కుక్కది, కాపురం మాత్రం పిల్లి దగ్గరే. చూడకుండా ఖాయం చేయలేను, ఎందుకంటే గజ్జి పురుగు కూడా చెవి అంచునే మొదలవుతుంది. అయితే గజ్జి ఉన్న పిల్లి నిద్ర లేకుండా గోక్కుంటుంది. తామర పట్టిన కూన చాలాసార్లు అసలు గోక్కోదు, హాయిగా ఆడుకుంటూ ఉంటుంది.

గడప దాటలేదు అంటున్నారు. ఆరు వారాల కిందట అది గడప దాటే కదా మీ ఇంట్లోకి వచ్చింది! ఈ ఫంగస్ సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సన్నని కణాలు, చర్మానికి అంటుకున్న తర్వాత మచ్చ కనిపించడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మీ లెక్క సరిగ్గా దానికి సరిపోతోంది. అమ్మినవారి ఇంట్లో తల్లి దగ్గరో, పక్క పంజరంలోని పిల్లి దగ్గరో, అందరికీ వాడే దువ్వెన వల్లనో అంటుకుని ఉండాలి. పొడుగు బొచ్చు ఉన్న పర్షియన్ల ఒంటి మీద మచ్చ లేకుండానే ఫంగస్ ఉండవచ్చు. తల్లి నిగనిగలాడుతూ ఉంటుంది, పిల్లలకు మాత్రం అంటిస్తుంది. అమ్మినవారు అబద్ధం ఆడారని అనలేను. వారికీ తెలియకపోవచ్చు.

ఇది పిల్లి నుంచి పిల్లికి తగిలితేనే అంటుకుంటుందనీ లేదు. రాలిన ఒక్కో వెంట్రుక చుట్టూ సిద్ధబీజాలు కోట కట్టినట్టు అతుక్కుని ఉంటాయి. ఆ వెంట్రుక ప్రయాణపు బుట్టలో ఉండవచ్చు, సోఫా సందులో ఉండవచ్చు, వేరే పిల్లిని ముద్దు చేసి వచ్చిన మీ చీర కొంగుకు అంటుకుని ఉండవచ్చు. పొడిగా ఉన్న చోట అవి ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు బతికి ఉండగలవు. కొన్నేళ్ల కిందట బైరాగిపట్టెడలో ఒక ఇంట్లో పిల్లికి రెండుసార్లు నయం చేశాను, రెండుసార్లూ తిరగబెట్టింది. మూడోసారి ఇల్లు చూడటానికి వెళ్లాను. అటక మీద ఒక వెదురు బుట్ట ఉంది, అందులో పాత దిండు. పిల్లిని ఊరికి తీసుకువెళ్లినప్పుడల్లా అదే దింపేవారు. దిండు గలీబు మాత్రం ఉతికేవారు. బుట్ట అల్లికలో ఇరుక్కున్న బొచ్చు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ బుట్టను తగలబెట్టాక పిల్లికి మళ్లీ రాలేదు.

మరి అదే ఇంట్లో ఉన్న నాటు పిల్లికి ఎందుకు రాలేదు? సిద్ధబీజం మీద పడగానే జబ్బు రాదు. ఎండిన చర్మం మీద అది అలాగే పడి ఉంటుంది, పిల్లి నాకి శుభ్రం చేసుకుంటుంది. దానికి లోపలికి దారి కావాలి. గోమారి కుట్టిన చోటో, గోరు గీసుకున్న చోటో, తడి ఆరక నానిన చర్మమో దొరికితే అక్కడ మొలకెత్తుతుంది. కూనలకు రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు. పర్షియన్ తన బొచ్చంతా తానే శుభ్రం చేసుకోలేదు. పైగా కొత్త ఇల్లు, బస్సు ప్రయాణం, తల్లి లేని బెంగ. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టినప్పుడు కూనకు వారానికి రెండుసార్లు స్నానం చేయించి, ఆరీ ఆరకుండా వదిలేసేవారు చాలామంది. అది శుభ్రత కాదు, ఫంగస్‌కు నారుమడి కట్టడం. ఇదే సందర్భంలో ఇంకో మాట: వానలకు గోడ మీద పట్టే బూజుకూ దీనికీ సంబంధం లేదు. ఈ జాతి బతికేది కెరటిన్ మీద, అంటే బొచ్చు, గోరు, చర్మపు పైపొర మీద మాత్రమే. గోడ మీద, నేల మీద అది పెరగదు, కాచుకుని ఉంటుంది. ఆ తేడా మీకు ధైర్యం ఇవ్వాలి. కాచుకుని ఉన్నదాన్ని తుడిచి పారేయవచ్చు.

బయట తిరిగే పిల్లులకు వేరే దారులు కూడా ఉన్నాయి. చంద్రగిరి వైపు తోటల్లో పిల్లులకు పాదాల మీద, ముక్కు మీద మచ్చలు వస్తే మట్టిలో ఉండే ఫంగస్‌ను అనుమానిస్తాను. ఎలుకలను వేటాడే పిల్లులకు వాటి నుంచి ట్రైకోఫైటాన్ అనే ఇంకో రకం తామర ఫంగస్ అంటుకుంటుంది, ముందు మూతి మీదే కనిపిస్తుంది. మీ నాటు పిల్లి మేడ మీదకు వెళ్లి వస్తుంది కాబట్టి దాన్నీ పరీక్షించాలి. మచ్చ లేదని వదిలేయకూడదు.

నిర్ధారణ విషయానికి వస్తే, నాకు ఇష్టమైన పరికరం వుడ్స్ ల్యాంపు. అతినీలలోహిత కాంతినిచ్చే దీపం అది, దాని ఫిల్టరును 1903లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త తయారుచేశారు. దాని కాంతిలో తామర పట్టిన వెంట్రుకలు వెలుగుతాయని 1925లో ఫ్రాన్సు వైద్యులు గమనించారు. గది తలుపులు మూసి, లైటు ఆర్పి, మన కళ్లు చీకటికి అలవాటు పడేవరకు ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత దీపాన్ని మచ్చకు దగ్గరగా పట్టి, పొలుసును మెల్లగా పైకి లేపి చూడాలి. పచ్చి ఆపిల్ తొక్క రంగులో వెంట్రుక మొదళ్లు గడ్డి మొలకల్లా మెరుస్తాయి. మొదటిసారి చూసినవారు ఉలిక్కిపడతారు. వెలగాల్సింది వెంట్రుక. పొలుసులు, దుమ్ము, రాసిన మందు కూడా నీలంగానో తెల్లగానో మెరుస్తాయి, అవి లెక్కలోకి రావు. మందు వాడని మైక్రోస్పోరం కానిస్ కేసుల్లో ఎక్కువ భాగం ఇలా బయటపడతాయి. మట్టి రకం, ఎలుక రకం వెలగవు. నోట్లు పరీక్షించే చిన్న టార్చీతో ఇంట్లో చూసి 'ఏమీ లేదు సార్' అని చెప్పేవారున్నారు. వాటిలో చాలావాటి కాంతి దీనికి పనికిరాదు, 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కావాలి.

వెలిగిన వెంట్రుకను పీకి సూక్ష్మదర్శినిలో చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. అనుమానం ఉంటే కల్చర్ చేయాలి, అంటే ఫంగస్‌ను ప్లేటులో పెంచి చూడాలి. కొత్త టూత్‌బ్రష్ ఒకటి తీసుకుని పిల్లి ఒళ్లంతా రెండు మూడు నిమిషాలు దువ్వుతాం, మచ్చల మీద చివర్లో. ఆ బ్రష్ కుచ్చును కల్చర్ ప్లేటు మీద అద్దుతాం. పసుపు పచ్చని ప్లేటు ఎర్రగా మారుతూ, అదే సమయంలో తెల్లని దూది లాంటి పెరుగుదల కనిపిస్తే తామర ఫంగస్ అని అనుమానం బలపడుతుంది, సూక్ష్మదర్శినితో ఖాయం చేస్తాం. ఇందుకు రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీ నాటు పిల్లికి ఈ బ్రష్ పరీక్షే సరైనది. మన ఊళ్లో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. మీ దగ్గరి డాక్టరు వద్ద సౌకర్యం లేకపోతే కళాశాల ఆసుపత్రిలో అడిగి చూడండి.

ఇప్పుడు చికిత్స. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఇది కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది, నిజమే. కానీ ఆ నెలలన్నీ అది ఇల్లంతా సిద్ధబీజాలు చల్లుతూ తిరుగుతుంది. అందుకే లోపలికి ఒక మందు, ఒంటికి ఒక మందు, ఇంటికి శుభ్రత. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ దండగే.

లోపలికి ఇచ్చేది సాధారణంగా ఇట్రాకొనజోల్. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి, ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపి, అలా మూడు విడతలు. ఆపిన వారంలో కూడా అది వెంట్రుకలో నిలిచి పనిచేస్తుంది. ఇక్కడే ప్రమాదం ఉంది. మీ కూన బరువు కిలో ఆరు వందల గ్రాములు అనుకుంటే దానికి కావాల్సింది 8 మిల్లీగ్రాములు. మనుషుల గొట్టం మాత్రలో (క్యాప్సూల్‌లో) ఉండేది 100, అంటే పన్నెండు రెట్లకు పైగా. గొట్టం విప్పి లోపలి గుళికలను గోటితో ఎంచి పంచుకోవడం ఇంట్లో చేసే పని కాదు. బరువు చూసి డాక్టరు ఇచ్చే ద్రవరూపమో, కొలిచి కట్టించిన పొట్లమో వాడండి. ద్రవాన్ని ఖాళీ కడుపున ఇవ్వాలి, గొట్టం మాత్ర మందును తిండితో ఇవ్వాలి. కూన తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా మందు ఆపి ఫోను చేయాలి, కాలేయం మీద ప్రభావం ఉండవచ్చు. దీనికి బదులు టెర్బినాఫిన్ కూడా వాడతాం. పాతకాలపు గ్రిసియోఫుల్విన్ చవక, కానీ చూలుతో ఉన్న పిల్లికి ఇస్తే కూనలు వైకల్యంతో పుడతాయి, కొన్ని పిల్లులకు ఎముక మజ్జ దెబ్బతింటుంది. నేను రాయడం మానేసి చాలా ఏళ్లయింది. కీటోకొనజోల్ మాత్రలు పిల్లులకు పడవు.

ఒంటికి వారానికి రెండుసార్లు. మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ రెండూ కలిసిన షాంపూ పట్టించి, పది నిమిషాలు ఒంటి మీద ఉంచి కడగాలి. పిల్లితో పది నిమిషాలు ఎంతసేపో చేయించినవారికి తెలుసు. గోరువెచ్చని నీళ్లు, అడుగున జారకుండా పాత గోనె, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు మాటలు చెప్పడానికి. తర్వాత తువాలుతో అద్ది పూర్తిగా ఆరబెట్టాలి. ముసురు రోజుల్లో స్నానం మధ్యాహ్నం పెట్టుకోండి. సున్నం గంధకం ద్రావణం ఇంకా బాగా పనిచేస్తుంది, దొరకడం కష్టం. దొరికితే కడగకుండా ఒంటి మీదే ఆరనివ్వాలి, ఆరేవరకు నాకనివ్వకూడదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, తెల్ల బొచ్చు పసుపెక్కుతుంది, మీ వెండి పట్టీలు నల్లబడతాయి. తీసి పక్కన పెట్టుకోండి. మచ్చ చుట్టూ పొడుగు బొచ్చును మొండి మొన ఉన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి కాగితంలో చుట్టి పారేయండి. గొరిగించవద్దు. యంత్రం చేసే సన్నని గాట్లలోకి ఫంగస్ పాకుతుంది.

మచ్చ మీద మాత్రమే మందు రాస్తే చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. మచ్చ కనిపించే చోటికి అవతల కూడా సిద్ధబీజాలు ఉంటాయి. ఇక ఇంటి వైద్యాల సంగతి. వేపనూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, టీ ట్రీ నూనె, కిరోసిన్ (నిజంగానే రాసి తెచ్చారు ఒకసారి, నోటి నుంచి నురగతో) ఏదైనా సరే, పిల్లి ఒంటికి రాసింది అంటే పిల్లికి తాగించినట్టే. అది నాకుతుంది. కర్పూరం, టీ ట్రీ నూనె పిల్లికి విషం.

మందు ఎప్పుడు ఆపాలన్నదే అసలు ప్రశ్న. మూడో వారానికి మచ్చల మీద మెత్తటి కొత్త బొచ్చు వస్తుంది. ఇంట్లో అందరూ సంబరపడతారు, మందు సీసా అల్మారాలోకి పోతుంది. నా దగ్గరికి తిరగబెట్టి వచ్చే పిల్లుల్లో ఎక్కువ భాగం ఈ మూడో వారం సంబరం బాధితులే. బొచ్చు మొలవడం వేరు, ఫంగస్ పోవడం వేరు. వారం ఎడంతో చేసిన రెండు బ్రష్ కల్చర్లలో ఏమీ పెరగకపోతే అప్పుడు ఆపాలి. మొత్తం రెండు నెలలు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ఇంటి శుభ్రతలో మనవాళ్లు చేసే తప్పు పొడి చీపురు. ఊడ్చిన ప్రతిసారీ తేలికైన బొచ్చు గాలిలోకి లేచి అలమార మీద, ఫ్యాను రెక్కల మీద వాలుతుంది. ఈ రెండు నెలలూ తడి గుడ్డతో బొచ్చు ఎత్తండి, వాక్యూం క్లీనర్ ఉంటే మరీ మంచిది. తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది తుడవాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ ద్రావణం, ఒక పాలు బ్లీచుకు ముప్పై రెండు పాళ్ల నీళ్లు, పది నిమిషాలు తడిగా ఉంచి మంచి నీళ్లతో తుడవడం. బ్లీచును వేరే దేనితోనూ కలపవద్దు. మురికి మీద పోసిన బ్లీచు వృథా. ఫినాయిల్, డెట్టాల్ వంటివి ఈ ఇంట్లో వద్దు, వాటిలోని ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం విరచలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అంతే. దుప్పట్లు, తువాళ్లను మిగతా బట్టలతో కలపకుండా వాషింగ్ మెషీన్లో రెండుసార్లు ఉతకండి, కుక్కి నింపవద్దు. వేడి నీళ్లు కావాలనేమీ లేదు, సిద్ధబీజాలను వదిలించేది ఆ రెండు ఉతుకులే. మన ఊరి ఎండ మంచిదే, ఉతికిన తర్వాత. ఉతక్కుండా ఎండలో వేస్తే జబ్బు పోయిందనుకోవడం మన తృప్తి కోసమే.

కూనను ఒక గదిలో ఉంచండి, తలుపు ఉన్న గది, గుడ్డ సామాను తక్కువ ఉన్నది. స్నానాల గదిలో బంధించవద్దు. అది ఎదిగే వయసు, రోజూ మనిషి తోడు, ఆట కావాలి. లోపలికి వెళ్లినవారు ఒక పాత చొక్కా తొడుక్కుని ఆడుకుని, వస్తూ విడిచి, చేతులు సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

పాప ముంజేతి మచ్చను చర్మ వైద్యులకు చూపించండి, పిల్లి సంగతి ముందే చెప్పండి. పిల్లి నుంచి వచ్చే తామర పిల్లిని హత్తుకునే చోటే, అంటే ముంజేతుల మీద, మెడ మీద, ముఖం మీద కనిపిస్తుంది. పిల్లల తలలో కూడా రావచ్చు, జుట్టు పాయలు తీసి చూడండి. నడుము పట్టీ కింద, గజ్జల్లో ఇంట్లో పెద్దవారికి ఎవరికైనా ఉంటే ఆ నేరం పిల్లి మీద వేయవద్దు. మన దేశంలో కొన్నేళ్లుగా మనిషి నుంచి మనిషికి పాకుతున్న మొండి తామర వేరే ఉంది. దాని కారకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, టెర్బినాఫిన్‌కు చాలాసార్లు లొంగదు. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు ఉంటే ఈ రెండు నెలలూ కూనకు దూరంగా ఉండటం మేలు.

పిల్లులకు ఫంగస్ అంటే తామర ఒక్కటే కాదు. చెవిలో నల్లటి జిగురు, పులిసిన వాసన ఉంటే మలసేజియా అనే ఈస్టు కావచ్చు, అది చెవి చుక్కల మందుతో పోతుంది, మనుషులకు అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు. వదిలేయకూడనిది క్రిప్టోకాకస్. పావురాల రెట్ట ఎండి పొడి అయిన చోట, కొన్ని రకాలు నీలగిరి చెట్ల కింద ఉంటాయి, పిల్లి వాసన చూస్తూ పీల్చుకుంటుంది. నెలల తరబడి ఒక ముక్కు రంధ్రం నుంచే చీమిడి, తుమ్ములు, ముక్కు దూలం ఉబ్బి ముఖం ఆకారం మారడం దీని గుర్తులు. తిరుచానూరు దగ్గర ఒక పిల్లిని పంటి చీము అనుకుని నెల రోజులు యాంటీబయాటిక్‌లు వాడి తెచ్చారు. సూదితో తీసిన ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే గుండ్రటి కణాలు, చుట్టూ తెల్లని వలయాలు. దానికి ఫ్లూకొనజోల్ నెలల తరబడి ఇవ్వాల్సి వచ్చింది. పిల్లి నుంచి మనిషికి రాదు. అదే పావురాల రెట్ట దగ్గర మనుషులూ జాగ్రత్తగా ఉండాలి. బ్రెజిల్‌లో పిల్లి గీరితే మనుషులకు పుండ్లు పడే స్పోరోట్రైకోసిస్ గురించి ఫోనుల్లో వీడియోలు తిరుగుతున్నాయి. మీ కూనకు ఉన్నది అది కాదు. మానని, చీము కారే పుండు కనిపిస్తే మాత్రం చేతి తొడుగు వేసుకుని తీసుకురావాలి.

ఇచ్చేయమంటారా అన్నారు. ఇచ్చేస్తే జబ్బు ఇంకో ఇంటికి వెళ్తుంది, రాలిన బొచ్చు మీ ఇంట్లోనే ఉంటుంది. రెండు నెలల పని ఎటూ మీకు తప్పదు. అంత పని చేశాక పిల్లి కూడా ఉంటే బాగుంటుంది కదా. కొత్తగా ఇంకో పిల్లిని మాత్రం అప్పటిదాకా తేవద్దు.

ఆ ట్యూబు రాయడం ఈ రోజే ఆపండి. నాలుగు రోజులు తగ్గి పెరిగిందన్నారంటే అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్ ఉందని నా అనుమానం. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచేస్తుంది, కింద ఫంగస్ నిశ్చింతగా మేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు మూడు రోజులు మచ్చల మీద ఏమీ రాయకపోతే దీపం కింద సరిగ్గా కనిపిస్తుంది. రెండు పిల్లులనూ వేరువేరు బుట్టల్లో తీసుకువెళ్లండి, ట్యూబును కూడా సంచిలో వేసుకోండి. దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు డాక్టరు ముందు చదవాలి.